పెరటి కోడికి పొట్ట పాడైతే: ముందు రెట్ట చూడండి, మేతసంచి తడమండి, ఆ తర్వాతే వంటింటి వైద్యం

కోడి ఒక మూలన ఈకలు ఉబ్బించుకుని, మెడ లోపలికి లాక్కుని, కళ్లు సగం మూసి నిలబడింది. రెట్ట నీళ్లలా పోతోంది, మేత వేస్తే అందరూ పరుగెత్తుకొస్తున్నా ఇది మాత్రం కదలడం లేదు. ఇలా కనిపించగానే చాలామంది వెల్లుల్లో, పసుపో, వెనిగరో చేతికి ఏది అందితే అది నూరి నోట్లో పోసేస్తారు. దయచేసి ఒక్క పావుగంట ఆగండి. నీళ్లలాంటి రెట్టకు పది కారణాలు ఉంటాయి, అందులో కొన్ని అసలు జబ్బులే కావు, కొన్నింటికి వేడి, నీళ్లు, విశ్రాంతి చాలు, కొన్ని మాత్రం మందు పడకపోతే రెండు మూడు రోజుల్లో కోడిని తీసుకుపోతాయి. ఏది ఏదో తెలుసుకోకుండా పోసిన మందు చాలాసార్లు సాయం చేయదు, పైగా మనకు ఏదో చేశామన్న తృప్తినిచ్చి అసలు టైమ్ తినేస్తుంది.

కోడి తన జబ్బును దాచుకుంటుంది. నీరసంగా కనిపించిన పక్షిని మిగతావి పొడుస్తాయి, అందుకని ఓపిక ఉన్నంతవరకూ మామూలుగానే తిరుగుతుంది. మీ కంటికి జబ్బు కనిపించిందంటే అది నిన్నో మొన్నో మొదలై ఉంటుంది. అందుకే "రేపు చూద్దాం" అనుకోవడం కోళ్ల విషయంలో ప్రమాదం.

ముందు పక్కకు తీయండి

ఒక అట్టపెట్టెలోనో, బుట్టలోనో, చిన్న పంజరంలోనో విడిగా పెట్టండి. కింద లేత రంగు కాగితమో పాత గుడ్డో పరవండి. కోడి ఏం రెట్ట వేసింది, ఎన్నిసార్లు వేసింది అన్నది అప్పుడే తెలుస్తుంది, మందలో ఉంటే ఎవరి రెట్ట ఎవరిదో చెప్పలేం. మిగతా కోళ్లకు అంటకుండా ఉండటం, పొడుపుల నుంచి తప్పించుకోవడం ఎలాగూ ఉన్నాయి. కానీ ఆ కాగితం మీద కనిపించేదే మీకు సగం వైద్యం చెబుతుంది.

వేడి చాలా ముఖ్యం, దీన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. కోడి ఒంటి వేడి మామూలుగానే దాదాపు 41 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. తిండి మానేసిన కోడి ఆ వేడిని నిలబెట్టుకోవడానికే ఉన్న శక్తంతా ఖర్చు పెట్టేస్తుంది. చుట్టూ 27 నుంచి 29 డిగ్రీలు ఉండేలా చూస్తే ఆ శక్తి కోలుకోవడానికి మిగులుతుంది. బల్బు పెడితే పెట్టెకు ఒక పక్కనే పెట్టండి, వేడి ఎక్కువైతే కోడి రెండో పక్కకు జరిగే చోటుండాలి. నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్టు. బయట ఎండలు మండిపోతున్న రోజుల్లో అయితే బల్బు అక్కర్లేదు, నీడా గాలీ ఉన్న చోటు చాలు.

రెట్ట ఏం చెబుతుంది

మంచి రెట్ట ముదురు గోధుమ రంగులోనో కొంచెం ఆకుపచ్చ కలిసో గట్టి ముద్దలా ఉంటుంది, దాని మీద తెల్లటి పొర ఉంటుంది. ఆ తెలుపు కోడి మూత్రం, పక్షులకు మూత్రం నీళ్లలా కాకుండా అలా సుద్దలా వస్తుంది. తెల్లగా ఉందని భయపడి ఏదో పోసేవాళ్లను చూస్తుంటాను, అది ఉండటమే ఆరోగ్యం.

రోజుకు కొన్నిసార్లు ఇంకో రకం రెట్ట వస్తుంది. జిగటగా, ఆవపిండి ముద్ద రంగు నుంచి ముదురు గోధుమ దాకా, భరించలేని కంపుతో, పైన తెలుపు దాదాపు లేకుండా. ఇది పేగు చివర ఉండే రెండు గుడ్డి తిత్తులు ఖాళీ అయినప్పుడు వచ్చేది. ఇది పారుడు కాదు, ఆ తిత్తులు సరిగ్గా పనిచేస్తున్నాయనడానికి గుర్తు. కొత్తగా కోళ్లు పెంచేవాళ్లు ఎక్కువ టెన్షన్ పడేది దీన్ని చూసే. పొదుగుడు మీదున్న పెట్ట రోజుకు ఒకటి రెండుసార్లే లేచి పెద్ద ముద్దగా, ఘాటైన వాసనతో రెట్ట వేస్తుంది, అదీ మామూలే. ఎండ రోజుల్లో కోళ్లు నీళ్లు రెట్టింపు తాగుతాయి, రెట్ట పలచబడుతుంది. పుచ్చకాయ, దోసకాయ లాంటి నీటి తిండి పెట్టిన రోజూ అంతే. కోడి చురుగ్గా తిరుగుతూ, తింటూ, తల మీది జుట్టు ఎర్రగా ఉంటే ఇలాంటి పలచని రెట్టకు వైద్యం అక్కర్లేదు, నీడ, చల్లటి నీళ్లు చాలు.

ఇక పట్టించుకోవాల్సినవి. ముదురు ఆకుపచ్చగా, ముద్ద లేకుండా పలచగా వస్తుంటే కోడి తినడం లేదని అర్థం, తిండి లేని పేగులోంచి పిత్తరసం ఒక్కటే బయటికొస్తుంది. బాగా గడ్డీ ఆకులూ తిన్న కోడికీ ఆకుపచ్చ వస్తుంది కానీ దానిలో ముద్ద ఉంటుంది. నురగతో పసుపు రంగులో వస్తే పేగులో పురుగులో, క్రిములో ఉన్నాయని అనుమానించాలి. తిన్న గింజ అరగకుండా అలాగే బయటపడుతుంటే కందనకాయలో అరిగించే చిన్న రాళ్లు లేవేమోనని ముందు అనుమానించండి.

ఎరుపు విషయంలో జాగ్రత్తగా చూడాలి. అప్పుడప్పుడు నారింజ ఎరుపు రంగులో చిన్న పొరలాంటి తునక కనిపిస్తే అది పేగు లోపలి పొర ఊడి వచ్చినది, కోడి బాగుంటే దాన్ని వదిలేయొచ్చు. బీట్‌రూట్ లాంటివి తిన్నా ఎరుపు వస్తుంది. కానీ తడి రక్తం, చుక్కలుగానో, రెట్టంతా కలిసిపోయో, కోడి ముడుచుకుని కూర్చుంటే మాత్రం వంటింటి మందుల ఆలోచన ఆపేయండి. దాని గురించి కింద వేరుగా రాశాను, నేరుగా అక్కడికి వెళ్లి చదవండి.

మేతసంచిని తెల్లవారుజామున తడమండి

మెడ కింద, రొమ్ము పైభాగాన, కోడి కుడి పక్కకు కొంచెం ఒరిగి ఉండేదే మేతసంచి. దీన్నే క్రాప్ అంటారు. తిన్నదంతా ముందు ఇక్కడ చేరి, నాని, మెల్లమెల్లగా లోపలికి దిగుతుంది. సాయంత్రం గూట్లోకి వెళ్లేటప్పుడు ఇది బంతిలా నిండుగా ఉండాలి, తెల్లారి మేత వేయకముందు ఖాళీగా, చేతికి అందనంత పలచగా ఉండాలి. ఈ ఒక్క పరీక్ష తెలిసుంటే చాలా జబ్బులు మొదటి రోజే దొరుకుతాయి. నీళ్లూ మేతా రాత్రికి తీసేసి, తెల్లవారుజామున కోడిని చంకలో పెట్టుకుని మూడు వేళ్లతో మెత్తగా తడమండి. ఏదైనా తగిలితే అది ఎలా ఉందో గమనించండి.

పిసికితే పిండి ముద్దలా గట్టిగా, గడ్డి చుట్టుకుపోయినట్టు తగిలితే అడ్డుపడిందన్నమాట. పొడవాటి ఎండుగడ్డి, దారం, ప్లాస్టిక్ ముక్క లాంటివి తిన్నప్పుడు ఇలా అవుతుంది. దీనికి ఇంట్లో చేయగలిగింది ఉంది. మేత పూర్తిగా ఆపండి, నీళ్లు మాత్రం అందుబాటులో ఉంచండి. ఏదైనా వంటనూనె రెండు మూడు మిల్లీలీటర్లు ముక్కు పక్కనుంచి చుక్కలు చుక్కలుగా మింగించండి. తర్వాత కొంచెం గోరువెచ్చని నీళ్లు కూడా అలాగే. అప్పుడు మేతసంచిని పైనుంచి కిందికి కాదు, గుండ్రంగా, ముద్ద విడిపోయేలా మెత్తగా ఐదు నిమిషాలు మర్దన చేయండి. రోజులో మూడు నాలుగు సార్లు ఇలా చేస్తే చాలావరకు మెత్తబడి దిగుతుంది. మరుసటి ఉదయానికి సగమైనా తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి, లోపల దారమో ప్లాస్టిక్కో ఉంటే మర్దనతో రాదు, చిన్న కోత పెట్టి తీయాలి. ఆ కోత ఇంట్లో బ్లేడుతో మీరు పెట్టకండి.

తడిమితే నీళ్ల సంచిలా ఊగుతూ, ముక్కు దగ్గర పులిసిన వాసన వస్తుంటే మేత లోపలే పులిసిపోయి ఈస్ట్ అనే ఫంగస్ పెరిగిందని అర్థం. నోట్లో తెల్లటి మచ్చలు కూడా కనిపించొచ్చు. దీనికి మొదటి వైద్యం ఖాళీ కడుపు. పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటలు మేత ఆపి, శుభ్రమైన నీళ్లు మాత్రం పెట్టండి. తర్వాత రోజూ పెట్టే దాణానే గోరువెచ్చని నీళ్లలో కలిపి మెత్తగా, ఒక చెంచా రెండు చెంచాలు చొప్పున రోజుకు నాలుగైదు సార్లు పెట్టండి. రొట్టె, అన్నం, పంచదార, పండ్లు పూర్తిగా ఆపండి, ఈస్ట్‌కు అవే మేత. రెండు రోజుల్లో మేతసంచి ఉదయానికి ఖాళీ కాకపోతే ఫంగస్ మందు అవసరం, అది డాక్టర్ చెప్పిన మోతాదులోనే పడాలి. ఇంకొకటి, పులిసిన మేతసంచి చాలాసార్లు అసలు జబ్బు కాదు, కింద ఎక్కడో దారి మూసుకుపోయిందనో, పేగు పనిచేయడం లేదనో చెప్పే గుర్తు. ఒకసారి తగ్గి మళ్లీ మళ్లీ వస్తుంటే కింద కారణం వెతకాలి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. కోడిని తలకిందులుగా పట్టుకుని మేతసంచి పిసికి కక్కించే పద్ధతి చాలామంది చెబుతారు. చేయకండి. ఆ ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోతే కోడి మీ చేతుల్లోనే ఊపిరాడక చనిపోతుంది. పులిసిన మేతసంచి నుంచి కోలుకునే కోడిని కూడా ఈ పని చంపేస్తుంది.

నీళ్లే మొదటి మందు

పారుడుతో కోడిని చంపేది చాలాసార్లు క్రిమి కాదు, ఒంట్లో నీళ్లు తగ్గిపోవడం. మామూలు రోజున ఒక పెట్ట సుమారు పావు లీటరు తాగుతుంది, ఎండలో అంతకు రెట్టింపు. పారుడు పోతున్న కోడి తాగకుండా ఒక రోజు గడిపితే ఏ మందూ నిలబెట్టదు.

మనుషులకు వాడే ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇంట్లో ఉంటే ఒక లీటరుకు ఇచ్చిన ప్యాకెట్‌ను రెండు లీటర్ల నీళ్లలో కలపండి, కోళ్లకు ఆ పలచదనం చాలు. అది లేకపోతే లీటరు నీళ్లలో పావు టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను పంచదార. ఇంతకంటే ఉప్పు వేయొద్దు, ఉప్పు ఎక్కువైతే కోళ్లకు విషమే, పారుడు ఇంకా పెరుగుతుంది. ఇది ఒక రోజు, మహా అయితే రెండు రోజులు, పక్కనే మామూలు నీళ్ల గిన్నె కూడా ఉండాలి. ఏది తాగాలో కోడే చూసుకుంటుంది. మేతసంచి పులిసిన కోడికి పంచదార నీళ్లు ఇవ్వొద్దు.

తనంతట తాను తాగకపోతే తాగించాలి, దీనికి ఒక పద్ధతుంది. కోడిని గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకోండి, తల మామూలు ఎత్తులోనే ఉండాలి, పైకి ఎత్తి వంచకూడదు. సూది లేని సిరంజితోనో డ్రాపర్‌తోనో ముక్కు పక్కన అంచు మీద ఒక చుక్క వేయండి. అది నాలుక ఆడించి మింగుతుంది. మింగాక ఇంకో చుక్క. నాలుక మొదట్లో చిన్న చీలికలా కనిపించేది ఊపిరి గొట్టం నోరు, సిరంజి నోట్లో దూర్చి ఒక్కసారిగా నొక్కితే నీళ్లు నేరుగా దానిలోకి పోతాయి. కోడి తల విదిలించినా, గురక పెట్టినట్టు శబ్దం వచ్చినా వెంటనే ఆపండి. తల ఎత్తలేనంత నీరసంగా ఉన్న కోడికి నోట్లో ఏమీ పోయొద్దు, అది మింగలేదు.

తిండి విషయం సింపుల్‌గా ఉంచండి. రోజూ తినే దాణా తడిపి ముద్దగా పెట్టండి, దానిలో ఉడికించిన గుడ్డు కొంచెం చిదిమి కలిపితే ఇష్టంగా తింటుంది. కొత్త రకం తిండి ఏదీ ఇప్పుడు మొదలుపెట్టొద్దు. తడి మేతను గంట రెండు గంటల్లో తీసేయండి, వేడిలో అది పులిసి కొత్త జబ్బు తెస్తుంది.

వంటింటి మందుల సంగతి ఒక్కొక్కటిగా

పెరుగు ఒక టీస్పూను మేతలో కలిపి రోజుకు ఒకసారి ఇవ్వొచ్చు, యాంటీబయాటిక్ కోర్సు తర్వాత లేదా పారుడు తగ్గుతున్నప్పుడు పేగులో మంచి బ్యాక్టీరియా మళ్లీ స్థిరపడటానికి ఇది కొంత ఆసరా. గిన్నెడు పెట్టకండి. పక్షులకు పాల చక్కెర అరిగించే శక్తి తక్కువ, పాలు పోస్తే పారుడు ఇంకా ముదురుతుంది. మేతసంచి పులిసినప్పుడు పెరుగు కూడా వద్దు, అది ఖాళీ అయ్యాకే.

ఆపిల్ సైడర్ వెనిగర్ గురించి నాకు ఎక్కువగా అడుగుతారు. లీటరు నీళ్లకు నాలుగు మిల్లీలీటర్లు, అంటే టీస్పూను కంటే కొంచెం తక్కువ, వారంలో రెండు మూడు రోజులు, ప్లాస్టిక్ లేదా గాజు పాత్రలోనే. జింక్ పూత రేకు తొట్టిలో పోస్తే ఆమ్లానికి లోహం కరిగి నీళ్లలో కలుస్తుంది. ఇది నీళ్ల పాత్రలో నాచు, పాకుడు తగ్గిస్తుంది, కానీ రక్త పారుడు తెచ్చే కాక్సిడియా అనే క్రిమిని చంపదు, పురుగులను పోగొట్టదు. ఎండలు బాగా ఉన్న రోజుల్లో నీళ్లు పులుపైతే కోడి తాగడం తగ్గించొచ్చు, అందుకే అప్పుడు మానేయడం మేలు.

వెల్లుల్లి కొంచెం పెడితే హాని లేదు, కానీ అది జబ్బు నయం చేస్తుందని నమ్మి రోజులు గడపకండి. ఎక్కువైతే గుడ్డుకే వాసన పడుతుంది. పసుపు కూడా అంతే, మేతలో చిటికెడు కలిపితే నష్టం లేదు, మందుగా లెక్కపెట్టొద్దు. గుమ్మడి గింజలు పురుగులు పోగొడతాయన్న మాట విన్నవాళ్లు చాలామందే, అవి మంచి తిండే కానీ పేగు నిండా పురుగులున్న కోడికి అవి సరిపోవు.

యాక్టివేటెడ్ చార్‌కోల్ ఒక్కటే ఒక సందర్భంలో నిజంగా పనికొస్తుంది, కోడి ఏదో విషపు తిండి తిన్నదని గట్టి అనుమానం ఉన్నప్పుడు. మెత్తటి మేతలో కొంచెం కలిపి ఇస్తారు. పొయ్యిలోని బూడిద, బొగ్గు దాని పని చేయవు. ఇది విషాన్ని పట్టినట్టే మందునూ పట్టేస్తుంది, అందుకే ఏ మందు వాడుతున్నా అదే సమయంలో ఇవ్వకూడదు. ఎప్సమ్ సాల్ట్‌తో కడుపు కడగడం గురించి కూడా వింటుంటాం, అది విరేచనాలు పెట్టే పదార్థం, అప్పటికే నీళ్లు పోతున్న కోడికి అది ఇవ్వడం అర్థం లేని పని. డాక్టర్ చెబితే తప్ప ముట్టుకోవద్దు.

రెట్టలో రక్తం కనిపిస్తే

ముఖ్యంగా మూడు నుంచి ఆరు వారాల పిల్లల్లో, తడి నేల మీద గుంపుగా ఉండే కోళ్లలో, రెట్టలో రక్తం అంటే కాక్సిడియోసిస్ అనే రక్త పారుడు గుర్తుకు రావాలి. ఐమీరియా అనే ఏకకణ జీవి పేగు గోడల్లోకి దూరి పెరుగుతుంది, పేగు కణాలు పగిలి రక్తం వస్తుంది. కోడి రెట్టలో వచ్చే దాని గుడ్లలాంటి గింజలు వెచ్చటి తడి పొట్టులో ఒకటి రెండు రోజుల్లోనే అంటించే స్థితికి వచ్చేస్తాయి. అందుకే రోజూ రెట్ట ఎత్తడం వల్ల నిజంగానే ఫలితం ఉంటుంది, అవి తయారయ్యేలోపు బయటికి వెళ్లిపోతాయి. మామూలు క్రిమిసంహారకాలు వాటిని పెద్దగా చంపవు, ఎండబెట్టడమే మనకున్న మంచి ఆయుధం.

దీనికి వెనిగరూ, పెరుగూ, పసుపూ పనిచేయవు. ఇదొక్కటీ గుర్తుంచుకుంటే చాలు, ఈ వ్యాసం అంతా రాసింది దీనికోసమే అనుకోండి. దీనికి మందు ఆంప్రోలియం, నీళ్లలో కలిపేది. 9.6 శాతం ద్రావణం అయితే లీటరు నీళ్లకు 2.5 మిల్లీలీటర్లు, 20 శాతం పొడి అయితే లీటరుకు 1.2 గ్రాములు, మూడు నుంచి ఐదు రోజులు. తర్వాత ఆ మోతాదులో నాలుగో వంతు, ఒకటి రెండు వారాలు. ప్యాకెట్ మీద శాతం చదివి, మీ దగ్గర ఉన్నదానికి మోతాదు డాక్టర్‌తోనో మందుల షాపులోనో సరిచూసుకోండి. ఆ రోజుల్లో వేరే నీళ్లు ఎక్కడా ఉండకూడదు, గుంటలో నీళ్లు తాగితే మందు సరిపడా పడదు. రోజూ కొత్తగా కలపండి. నీళ్లు తాగని కోడికి చుక్కలుగా మింగించాలి.

ఆంప్రోలియం పనిచేసేదే ఆ జీవికి థయామిన్, అంటే బీ1 విటమిన్, అందకుండా చేసి. కాబట్టి మందు నడుస్తున్నంతకాలం బీ1 కలిసిన విటమిన్ పౌడర్లు, టానిక్‌లు ఆపండి, లేకపోతే ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో తీసేసినట్టే. కోర్సు అయ్యాక విటమిన్లు ఇస్తే మంచిది. ఒక్క కోడిలో కనిపించినా గుంపులోని కోళ్లన్నిటికీ మందు ఇవ్వాలి, అవన్నీ అదే నేలను కెలుకుతున్నాయి.

పురుగులు, పిల్లల మలద్వారం

బాగా తింటూ కూడా రొమ్ము ఎముక కత్తిలా పొడుచుకొస్తుంటే, జుట్టు పాలిపోతుంటే, రెట్టలో సన్నటి నూలు పోగుల్లాంటివి కనిపిస్తే పురుగులు ఉన్నట్టు. తాజా రెట్ట చిన్న డబ్బాలో తీసుకెళ్లి పశువైద్యశాలలో పరీక్ష చేయించండి, ఏ పురుగో తెలిస్తే మందు సరిగ్గా పడుతుంది, ఊరికే మందు మార్చి మార్చి వేయాల్సిన పనుండదు.

రోజుల పిల్లల్లో రెట్ట ఎండి మలద్వారం మూసేయడం మామూలు. చలి, మరీ వేడి, ప్రయాణం దీనికి కారణాలు. లాగి పీకితే చర్మం ఊడొస్తుంది. గోరువెచ్చని నీళ్లలో దూదిని తడిపి నానబెట్టి, మెత్తబడ్డాక తుడిచి, పూర్తిగా ఆరబెట్టి తల్లి దగ్గరో బల్బు కిందో వదలండి. పెద్ద పెట్టల్లో వెనక ఈకలు రెట్టతో అంటుకుపోతే గోరువెచ్చని నీళ్లతో కడిగి ఆరబెట్టండి, అలా వదిలేస్తే ఈగలు గుడ్లు పెట్టి పురుగు పట్టుకుంటుంది.

పొట్ట జబ్బులా కనిపించి అది కానివి

తోక కిందికి వాల్చి, నిటారుగా నిలబడి, మాటిమాటికీ ముక్కుతూ, గుడ్డు పెట్టకుండా నీళ్లలా రెట్ట వేస్తున్న పెట్టకు గుడ్డు అడ్డుపడి ఉండొచ్చు. గోరువెచ్చని నీళ్లలో పొట్ట మునిగేలా పావుగంట ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, ఆరబెట్టి చీకటి వెచ్చటి చోట వదలండి. కొన్ని గంటల్లో గుడ్డు రాకపోతే డాక్టర్ దగ్గరికే. గుడ్డును లోపల పగలగొట్టాలని చూడొద్దు.

ఆకుపచ్చ పారుడుతో పాటు గురక, దగ్గు, మెడ మెలితిరగడం, కాళ్లు పడిపోవడం ఉంటే కొక్కెర తెగులు కావొచ్చు. దానికి మందు లేదు, ముందే వేసే టీకా ఒక్కటే దారి. ఇక ఒకేసారి చాలా కోళ్లు చనిపోతే, జుట్టు నీలం ఊదా రంగులోకి మారితే, ముఖం వాస్తే ఏ చిట్కా గురించీ ఆలోచించొద్దు. చనిపోయినవాటిని చేత్తో ముట్టుకోకండి, కోయకండి, తినకండి, అమ్మకండి, వెంటనే పశువైద్య శాఖకు కబురు పెట్టండి. బర్డ్ ఫ్లూ అనుమానంలో ఆలస్యం చుట్టుపక్కల అందరి కోళ్లకూ, మనుషులకూ ప్రమాదం.

మిగతా సందర్భాల్లో నా గీత ఇది: 24 గంటల్లో కోడి తాగడం, తల ఎత్తడం మొదలుపెట్టకపోతే, రెండో కోడి కూడా పడిపోతే, రక్తం కనిపిస్తే డాక్టర్. అంతవరకూ పైన చెప్పిన వేడి, నీళ్లు, మెత్తటి మేత.

జబ్బు వచ్చిన చోటును కూడా బాగుచేయాలి

కోడికి వైద్యం చేసి, అదే పాకుడు పట్టిన గిన్నెలో నీళ్లు పోస్తే మళ్లీ మొదటికే. గిన్నె లోపల వేలితో రుద్దండి, జారుతుంటే పాకుడు ఉన్నట్టు. సబ్బుతో బ్రష్‌తో తోమి, తర్వాత ఒక వంతు బ్లీచ్ తొమ్మిది వంతుల నీళ్లు కలిపి కాసేపు ఉంచి, బాగా కడిగి ఎండలో ఆరబెట్టండి. బ్లీచ్‌లో వెనిగర్ కలపడం, లేదా వెనిగర్ నీళ్లున్న గిన్నెలో కడగకుండా బ్లీచ్ పోయడం అసలు చేయొద్దు, విషపు క్లోరిన్ వాయువు వస్తుంది. గిన్నెను ఇటుక మీద కోడి వీపు ఎత్తున పెడితే దానిలో రెట్ట పడదు.

దాణా బస్తా వాసన చూడండి. బూజు వాసన వచ్చినా, గడ్డలు కట్టినా మొత్తం పారేయండి, బూజు తీసేసి మిగిలింది పెడితే చాలదు, బూజు వదిలే విషం కనపడదు, వండినా పోదు, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కింద పరిచిన పొట్టును గుప్పిట్లో గట్టిగా పిండండి, ముద్దలా కట్టుకుంటే తడి ఎక్కువ, మార్చాలి. ఆకులు, గింజలు తినే కోళ్లకు అరిగించే రాళ్లు ఒక చిన్న గిన్నెలో విడిగా ఎప్పుడూ ఉండాలి. ఉడికించని ఎండు చిక్కుడు గింజలు, పచ్చబడ్డ బంగాళాదుంప, అవకాడో తొక్క, చాక్లెట్ కోళ్ల దరి చేరనీయకండి.

మీ సంగతి కూడా చూసుకోండి. కోడి రెట్టలో సాల్మొనెల్లా, క్యాంపిలోబాక్టర్ అనే, మనుషులకు జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఉండొచ్చు, కోడి చూడటానికి బాగున్నా సరే. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగండి, ఐదేళ్ల లోపు పిల్లలను జబ్బు కోడి దగ్గరికి పంపకండి, కోడి గిన్నెలు వంటింటి సింకులో కడగకండి. మొదట ఆరోగ్యంగా ఉన్న కోళ్ల పని, చివర్లో జబ్బు కోడి పని.

మందు వాడుతున్న రోజుల్లో గుడ్లు, మాంసం ఎన్నాళ్లు వాడకూడదో ఆ మందు లేబుల్ మీద ఉంటుంది, అది దాటేవరకు గుడ్లు పక్కన పెట్టేయండి. కోడి వరుసగా మూడు నాలుగు రోజులు బాగా తిని, రెట్ట గట్టిపడి, మేతసంచి ఉదయానికి ఖాళీ అవుతుంటే అప్పుడు మందలోకి పంపొచ్చు. ఒక్కసారిగా వదిలితే మిగతావి కొత్తదనుకుని పొడుస్తాయి, అందుకని ఒకటి రెండు రోజులు వల అడ్డంగా ఒకరినొకరు చూసుకునేలా ఉంచి, సాయంత్రం చీకటిపడ్డాక గూట్లో కర్ర మీద మిగతావాటి పక్కన కూర్చోబెట్టండి. మరుసటి రోజు ఉదయం మేత రెండు మూడు చోట్ల వేసి, అది కూడా తింటోందో లేదో అక్కడే నిలబడి చూడండి.